జోష్, పొంగు, ఫౌరన్



మా రాజాం పేరెత్తితే చాలు, తాండ్ర పాపారాయుడు గుర్తొస్తాడు. "ఆయన రక్తం పొంగింది" అంటారు. మన ఇళ్లలో అదే మాట "ఖూన్ జోష్ మార్‌నా". రెండూ పొయ్యి మీద పుట్టిన మాటలే. పొంగు పాలది. జోష్ ఫారసీ మాట, అసలు అర్థం మరగడం. దగ్గొస్తే దాదీమా మరిగించి తాగించే జోషాందా అందులోంచి వచ్చిందే.

అరబీలో దీనికి జోడు మాట ఫౌర్, అంటే ఉడికి ఉబకడం. నీళ్లు ఎగజిమ్మే ఫవ్వారా ఆ ధాతువుదే. నూహ్ అలైహిస్సలాం తూఫాన్ కిస్సాలో తన్నూర్ పొంగిందని ఖురాన్ చెప్పేదీ ఆ ధాతువుతోనే. మనం రోజూ వాడే "ఫౌరన్" కూడా దాని బిడ్డే: పొంగు చల్లారకముందే అని.

1757 జనవరి 24న బుస్సీ ఫౌజు, విజయనగరం విజయరామరాజు బలగం కలిసి బొబ్బిలి కోటను పడగొట్టాయి. ఓటమి తప్పదని తెలిసి కోటలోనివాళ్లు తమ ఆడవాళ్లనీ పిల్లల్నీ తామే చంపుకున్నారు. పాపారాయుడు అప్పుడు రాజాంలో ఉన్నాడని, కబురు ఆలస్యంగా అందిందని చెబుతారు. కొద్ది రోజులకే ఆయన రాత్రివేళ డేరాలో దూరి విజయరామరాజును చంపి, తన ప్రాణమూ తీసుకున్నాడు. అక్షరాలా ఫౌరన్.

బుర్రకథల్లో ఆ జోష్ విని నేనూ పిడికిలి బిగించినవాణ్నే. కానీ మీ పిల్లలకి ఈ కథ చెప్పేటప్పుడు కోటలోని పిల్లల సంగతీ చెప్పండి. జోష్‌లో హోష్ పోగొట్టుకోవద్దని మన బుజుర్గులు ఊరికే అనలేదు. పొంగి పొయ్యిపాలైన పాలు మళ్లీ గిన్నెలోకి రావు.