విశ్వాసం
పత్తి గింజలు నాటే రోజుల్లో గుంటూరు విత్తనాల దుకాణాల బోర్డుల మీద ‘విశ్వాసనీయ’ అని కనిపిస్తుంటుంది. దీర్ఘం అక్కర్లేదు, విశ్వసనీయ చాలు (గింజ మొలిస్తే ఆ తప్పు మన్నించవచ్చు). సంస్కృత ధాతువు శ్వస్, అంటే ఊపిరి తీసుకోవడం. ‘వి’ చేరి బెదురు లేకుండా నింపాదిగా ఊపిరి పీల్చుకోవడం, ఆపైన నమ్మడం అయింది. శ్వాస, నిశ్వాసం తోబుట్టువులు. మన పల్లెల్లో మాత్రం విశ్వాసమంటే తిన్న ఇంటిమీద కృతజ్ఞత: ‘కుక్కకున్న విశ్వాసం లేదురా నీకు!’ తర్వాత ఈ మాట క్రైస్తవుల నోటికీ ఎక్కింది. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇక్కడి క్రైస్తవ సంఘాల నోట విశ్వాసానికి వయసొచ్చింది: ఒకరు కొత్త విశ్వాసి, మరొకరు ‘విశ్వాసంలో ఎదిగిన’ పెద్దమ్మ. అయితే సాక్ష్యం చెప్పడానికి లేచినప్పుడు ఆ పెద్దమ్మ అనేది ‘అప్పుల్లోనూ దేవుణ్ణే నమ్ముకున్నానయ్యా’ అనే. నమ్ము దేశిపదం, తమిళ నంబుకు చుట్టం. ‘నమ్ముకోవడం’లో బతుకంతా ఆనించడం ఉంది. అందుకే దేవుణ్ణీ నమ్ముకుంటారు, మిర్చినీ నమ్ముకుంటారు. మిర్చిని విశ్వసించానన్న రైతు ఇంకా పుట్టలేదు.