ఎలిజబెత్ బాతోరీ: కట్టుకథ, కుట్రకథ, పనిపిల్లలు

ఎలిజబెత్ బాతోరీ పేరు నేను మొదట చదివింది ఒక వారపత్రికలో, 'వింతలు - విశేషాలు' వేసే మూల. వయసు మీదపడకుండా ఉండాలని 650 మంది కన్యల రక్తంలో స్నానం చేసిన హంగేరీ రాణి అని నాలుగు వాక్యాలు. పక్కన రెండు తలల దూడ బొమ్మ. ఆమె రాణి కాదు. రక్తస్నానం జరగలేదు. 650 అన్న అంకెకు ఆధారం ఎంత బలహీనమో తర్వాత చెబుతాను. అయితే ఇవన్నీ అబద్ధాలని తేలినంత మాత్రాన అసలు ఏమీ జరగలేదనుకోవడం మరో పొరపాటు. ఈ వ్యాసం రాయడానికి ఆ రెండో పొరపాటే కారణం. అది చేస్తున్నవారిలో నా మిత్రులూ ఉన్నారు.

కట్టుకథ సంగతి ముందు చూద్దాం. తల దువ్వుతున్న దాసిని దొరసాని చెంపమీద కొట్టిందట. చేతిమీద పడ్డ రక్తం తుడుచుకుంటే అక్కడ చర్మం నిగనిగలాడిందట. ఈ ముచ్చట అచ్చులో మొదట కనబడేది 1729లో, లాస్లో తురోత్సి అనే జెసూట్ గురువు లాటిన్‌లో రాసిన హంగేరీ చరిత్రలో. బాతోరీ చనిపోయింది 1614లో. అంటే మధ్యలో 115 ఏళ్ళున్నాయి. పైగా ఆమె ప్రొటెస్టంటు, రాసినవాడు ప్రొటెస్టంట్లను తిరిగి కాథలిక్కులుగా మార్చే ఉద్యమానికి చెందినవాడు. విచారణనాటి వాంగ్మూలాలు 1817లో అచ్చయ్యాయి. వాటిలో స్నానం మాటే లేదు. అప్పటికే ఆలస్యమైపోయింది. కథ జర్మన్‌లోకి, అక్కడినుంచి యూరపు అంతటికీ పాకింది. 1971లో ఆమెను 'కౌంటెస్ డ్రాక్యులా' చేసి బ్రిటిష్ సినిమా కంపెనీ సొమ్ము చేసుకుంది.

ఈ కథ ఎందుకంత బాగా అమ్ముడుపోయింది? అది నేరాన్ని ఆడదాని అద్దం ముందుకు చేర్చింది కనుక. అందం మీది వ్యామోహం, ముసలితనం భయం, పిచ్చి - ఇవే కారణాలైతే భూమిని గురించి, చట్టాన్ని గురించి, కోటలో పనికి కుదిరిన రైతు పిల్లను గురించి ఎవరూ అడగరు.

మనం అడుగుదాం. 1514లో హంగేరీ రైతులు ద్యోర్ద్య డోజా నాయకత్వంలో తిరగబడ్డారు. ఓడిపోయారు. డోజాను కాల్చిన ఇనుప సింహాసనం మీద కూర్చోబెట్టి, కాల్చిన ఇనుప కిరీటం తలమీద పెట్టి, ఆకలితో మాడ్చిన అతని అనుచరులచేత అతని మాంసమే తినిపించారు. ఈ పని చేసినవాళ్ళెవరినీ చరిత్ర రక్తపిశాచులనలేదు. ఆ యుద్ధంలో రైతులమీదికి సైన్యం నడిపినవారిలో బాతోరీ వంశీయుడొకడున్నాడు. అదే ఏడు వెర్బోత్సి అనే న్యాయవేత్త కూర్చిన ధర్మశాస్త్రం రైతుల్ని భూస్వామికి శాశ్వతంగా కట్టేసింది. భూమి మీద రైతుకు హక్కు లేదు, వాడిది వాడి కష్టానికి వచ్చే కూలి మాత్రమే అని రాసిపెట్టింది. భూస్వామే న్యాయమూర్తి. పెద్ద ప్రభువులకు ఖడ్గాధికారం కూడా ఉండేది, అంటే తమ ఎస్టేటులో మరణశిక్ష వేసే హక్కు.

ఈ వ్యవస్థ శిఖరాన 1560లో ఎలిజబెత్ పుట్టింది. ఆమె మేనమామ స్తెఫాన్ బాతోరీ పోలండ్ రాజయ్యాడు. 1575లో, పదిహేనో ఏట, ఫెరెంత్స్ నాదష్దితో పెళ్ళి. భర్త తురుష్కులతో యుద్ధాల్లో పేరు తెచ్చుకున్నవాడు, ఇంట్లో ఉన్నది తక్కువ. ఎస్టేట్లు చూసింది ఆమే. 1604లో భర్త చనిపోయాక ఆమె స్వతంత్రురాలు, అపార ధనవంతురాలు, రాజుకు అప్పిచ్చిన కుటుంబానికి పెద్ద.

కుట్రకథ మొదలయ్యేది ఇక్కడే. 1984లో చరిత్రకారుడు లాస్లో నాద్య, ఆ తర్వాత న్యాయవాది ఇర్మా సాదెత్స్కీ-కార్దోష్ ఈ కేసును తిరగతోడారు. వాళ్ళ వాదం తేలిగ్గా తీసిపారేసేది కాదు. హాబ్స్‌బర్గ్ రాజు మాత్యాస్ నాదష్ది కుటుంబానికి బాకీ. ట్రాన్సిల్వేనియా ప్రభువు గాబోర్ బాతోరీ ఎలిజబెత్‌కు బంధువు, హాబ్స్‌బర్గ్‌లకు శత్రువు. ఆమె కోటలు అతనికి అండ అవుతాయేమోనని భయం. విచారణ జరిపిన పాలటైన్, అంటే రాజు తర్వాతి అధికారి, జార్జి తుర్జో. చనిపోతూ నాదష్ది తన భార్యాబిడ్డలను అప్పగించింది ఈ మనిషికే. 1610 డిసెంబరు చివర ఆమెను పట్టుకున్నాడు. 1611 జనవరి 7 నాటికే ఆమె నౌకర్ల విచారణ, తీర్పు, శిక్ష అన్నీ ముగిశాయి. నౌకర్లు నేరం ఒప్పుకున్నది చిత్రహింసల కింద. దొరసానిని మాత్రం కోర్టుకే తేలేదు. ఇంత అడ్డగోలు విచారణ చూసి అనుమానపడనివాడు చరిత్ర విద్యార్థి కాడు.

అయితే మిత్రులు ఇక్కడితో ఆగరు. ఒంటరి స్త్రీ, ఆస్తిపరురాలు, పురుష ప్రభువుల కుట్రకు బలి - కనుక నిర్దోషి అంటారు. సాదెత్స్కీ-కార్దోష్ అయితే పిల్లల ఒంటిమీది గాయాలను ఆనాటి నాటువైద్యం గుర్తులుగా చదివింది. ఈ మెట్టు దగ్గర నేను ఆగిపోతాను.

ఎందుకంటే ఫిర్యాదు తుర్జోతో మొదలు కాలేదు. ఆస్తి తగాదా ముదరడానికి చాలా ముందే, 1602-1604 మధ్య, ఇష్త్వాన్ మద్యారి అనే లూథరన్ మతగురువు ఈ దారుణాల గురించి బహిరంగంగా మాట్లాడాడు, వియన్నా దర్బారుకూ చెప్పాడు. దర్బారు కదలలేదు. కదిలింది 1610లో. ఏం మారింది మధ్యలో? చిన్నపాటి కులీన కుటుంబాలు మర్యాదలు నేర్చుకోమని ఆమె దగ్గరకు పంపిన ఆడపిల్లలు కూడా చనిపోతున్నారన్న మాట బయటికొచ్చింది. రైతు పిల్ల చస్తే అది దొరసాని ఇంటి వ్యవహారం. కులీనుడి కూతురు చస్తే రాజ్యం వ్యవహారం. మొత్తం కేసులో నాకు అన్నిటికన్నా స్పష్టంగా కనబడేది ఈ ఒక్క మలుపే.

నోటరీలు ఊరూరా తిరిగి 300 మందికి పైగా సాక్షుల మాటలు రాశారు. చాలామంది చెప్పింది విన్నమాటే, నిజం. గాలిమాటలు తీసేసి చదివినా మిగిలేది తక్కువేం కాదు. ఆ సాక్ష్యాల్లో మంత్రతంత్రాలకంటే పనీపాటే ఎక్కువ కనిపిస్తుంది. కుట్టుపని వేళకు పూర్తికాలేదని దెబ్బలు. సూదులు గుచ్చడం. చలికాలంలో ఒంటిమీద బట్ట లేకుండా నిలబెట్టి చన్నీళ్ళు పోయడం. అన్నం పెట్టకపోవడం. సూది, సలాక, నీళ్ళు - అన్నీ ఇంట్లో ఉండేవే. ఊళ్ళమీద తిరిగి ఆడపిల్లలను పనికి కుదిర్చి తెచ్చే స్త్రీలుండేవారు. అందుకు వాళ్ళకు బట్టలో కొంత డబ్బో ముట్టేది. రక్తస్నానం నమ్మాలంటే పిచ్చిదాన్ని ఊహించుకోవాలి. ఇది నమ్మడానికి ఏ ఊహా అక్కర్లేదు. శిక్షించే హక్కు ఉండి, అడిగేవాడు లేని యజమాని ఉంటే చాలు.

తుర్జోకు రాజకీయ ప్రయోజనం ఉంది, అతడు దాన్ని వాడుకున్నాడు. పిల్లలూ చచ్చారు. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కావచ్చునని ఒప్పుకోవడానికి మనకింత కష్టమెందుకు? పాలకవర్గంలో ఒకరు ఇంకొకరిని కూలదోస్తే, కూలినవారు వెంటనే మనవారైపోరు. ఆమె స్త్రీ అన్నది నిజం. సూదులు గుచ్చించుకున్నదీ స్త్రీలే.

శిక్షలు చూడండి. ఇలోనా యో, దొరొత్యా సెంతెష్ అనే ఇద్దరు దాసీలకు వేళ్ళు పట్టకార్లతో పీకి సజీవంగా మంటల్లో వేశారు. ఫిత్స్కో అనే కుర్ర నౌకరును వయసు చిన్నదని జాలిపడి ముందు తల నరికి తర్వాత కాల్చారు. కటలిన్ అనే నాలుగో మనిషి దౌర్జన్యానికి తానే లోబడి చేసిందని తేలడంతో ప్రాణం దక్కించుకుంది. వీళ్ళు అమాయకులని నేననను. కానీ చేయించిన చేతికి సంకెళ్ళయినా పడలేదు. రాజు మాత్యాస్ ఆమెను కోర్టుకు తేవాలన్నాడు. మరణశిక్ష పడితే ఆస్తి ఖజానాకు జప్తవుతుంది, రాజు బాకీ తీరిపోతుంది. తుర్జో, ఆమె కొడుకు, అల్లుళ్ళు వద్దన్నారు. వంశం పరువు, కులీనవర్గం పరువు అన్నారు. ఆమెను ఛెయ్‌తె కోటలోనే ఉంచేశారు. 1614 ఆగస్టు 21న అక్కడే చనిపోయింది. ఆస్తి కొడుకు పాల్‌కు దక్కింది. ఇంతా చేసి కాపాడిన ఆ ఆస్తి అరవై ఏళ్ళు కూడా నిలవలేదు. పాల్ కొడుకు హాబ్స్‌బర్గ్‌ల మీద కుట్రలో దొరికి 1671లో వియన్నాలో తల పోగొట్టుకున్నాడు, ఎస్టేట్లు జప్తయ్యాయి. ఒక విధవను కోర్టుకు తేకుండా ఆపిన పరువు ఇక్కడ ఎవరికీ గుర్తు రాలేదు.

ఇక ఆ అంకె. నౌకర్లు చెప్పిన లెక్క 36, 37, ఒకరిద్దరు 50 దాకా. 650 అన్నది జుజన్నా అనే దాసి ఒక్కతే. అదీ తాను చూసి కాదు. దొరసాని స్వహస్తంతో రాసుకున్న పట్టీ ఒకటి ఉందనీ, దాన్ని యాకబ్ సిల్వాషి అనే ఉద్యోగి చూశాడనీ విన్నానని చెప్పింది. సిల్వాషి తన వాంగ్మూలంలో ఆ పట్టీ ఊసెత్తలేదు. పట్టీ ఏనాడూ దొరకలేదు. ఆ తర్వాత ఈ కేసు గురించి రాసినవారంతా అంకెను పట్టుకు వేలాడారు. కొందరు దాన్ని ప్రపంచ రికార్డుల పుస్తకానికెక్కించారు, కొందరు అది తప్పని నిరూపించి కేసు కొట్టేశామనుకున్నారు. నేను మాత్రం ఆ 300 పైచిలుకు వాంగ్మూలాల్లో తల్లులు చెప్పినవాటికోసం వెతుకుతున్నాను. కూతుర్ని కోటలో పనికి పంపి, మళ్ళీ చూసుకోనివాళ్ళు చెప్పినవాటికోసం.