మెష్ వైఫై, కేబుల్ బాక్సు

ఒక్క రూటరు చేరలేని గృహభాగములకు రెండుమూడు ప్రసారకేంద్రములు పరస్పరము సంధించుకొని, ఒకే పేరుతో, ఒకే పాస్‌వర్డుతో అంతర్జాలమును వ్యాపింపజేయు ఏర్పాటునకు మెష్ వైఫై అని పేరు. దీనికి సంబంధించిన 802.11ఎస్ ప్రమాణము 2011లో వెలువడినది.

ఆంధ్రదేశమున దీని ప్రసక్తి కేబుల్ టీవీతో ముడివడియున్నది. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్, విద్యుత్ స్తంభములమీదుగా తీగ సాగించి, నెలకు 149 రూపాయల ప్రారంభవెలకే టీవీ, టెలిఫోను, అంతర్జాలము నొక్కచో నందించుటచే, స్థానిక కేబుల్ ఆపరేటరు బిగించు సెట్‌టాప్ బాక్సే సినిమా యాప్‌లకును ద్వారమైనది. మోపిదేవి వంటి దివిసీమ గ్రామమున తీగ వసారాలోని రూటరుకడ దిగి, బాక్సు మందపు ఇటుకగోడల కావలి గదిలో నున్నచో, తరంగము క్షీణించి బొమ్మ ఆగియాగి నడచుట సహజము. 5 గిగాహెర్ట్జ్ తరంగము 2.4 కన్న వేగవంతమే గాని గోడల నంతగా దాటజాలదు.

అట్టియెడ నడిమిగదిలో నొక కేంద్రమును పెట్టి, వీలైనచో దానినుండి బాక్సునకు ల్యాన్ తీగ నిచ్చుట ఉత్తమము. కేంద్రమును తరంగమందని బాక్సు ప్రక్కనే పెట్టువారు కలరు. తనకందనిదానిని అది ఇంకొకరి కెట్లందించును? కేంద్రముల నడుమ ప్రత్యేక తరంగపట్టీ లేనిచో మజిలీమజిలీకిని వేగము సుమారు సగమగును. నెట్‌ఫ్లిక్స్ 4కే చిత్రమునకు 15 ఎంబీపీఎస్ సూచించుచున్నది గనుక ఈ నష్టము ఉపేక్షింపదగినది కాదు. రూటరు చెంతనే వేగము కొరవడినచో దోషము తీగది, లేదా పథకముది. దానికి మెష్ ఔషధము కాదు.