నీళ్ళ అడుగున చిల్లర

రోమ్‌లో ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. సన్నటి సందులో నడుస్తున్నాం. కాళ్ళ కింద నల్లరాతి దిమ్మలు తడితడిగా ఉన్నాయి, జాగ్రత్త. కంటికి కనబడకముందే అది చెవిన పడుతుంది, ఏరు దగ్గరపడుతున్నట్టు హోరు. సందు మలుపు తిరిగేసరికి మేడంత ఎత్తున తెల్లరాయి. గవ్వ రథం మీద సముద్ర దేవుడు ఓషియానస్. ముందు రెండు గుర్రాలు, ఒకటి సాధువు, ఒకటి పొగరుబోతు. ఇదే త్రేవి ఫౌంటెన్. 26 మీటర్ల ఎత్తు, 49 మీటర్ల వెడల్పు. నికోలా సాల్వి నమూనాతో 1732లో పని మొదలైంది. ఆయన 1751లో పోయాడు, పని 1762కి గానీ ముగియలేదు. దీనికి నీళ్ళు తెచ్చిన కాలువ ఇంకా పాతది, క్రీస్తుపూర్వం 19లో రోమన్ సేనాని అగ్రిప్ప తవ్వించింది.

శిల్పాలను తర్వాత తీరిగ్గా చూద్దాం. ముందు గట్టు మీద చేతులానించి, వంగి నీళ్ళలోకి చూడండి.

అడుగంతా చిల్లరే. రాగి రంగువి, పసుపువి, రెండు రంగులు కలిసినవి. నిన్న పొద్దుటి నుంచి అర్ధరాత్రి దాకా వచ్చినవాళ్ళు వేసి వెళ్ళినవి. ఇటలీ ముద్రించిన పది సెంట్ల మీద బొత్తిచెల్లి గీసిన వీనస్ ముఖం ఉంటుంది, యూరో మీద డావిన్చీ గీసిన చేతులు చాచిన మనిషి, రెండు యూరోల మీద డాంటే. నీళ్ళు కదిలినప్పుడల్లా అందరూ కలిసి వణుకుతున్నారు.

ఫౌంటెన్‌కు వీపు పెట్టి, కుడిచేత్తో ఎడమ భుజం మీదుగా వెయ్యాలి. అలా వేస్తే రోమ్‌కి మళ్ళీ వస్తారని నమ్మకం. 1954లో వచ్చిన ‘త్రీ కాయిన్స్ ఇన్ ది ఫౌంటెన్’ సినిమాతో ఇది లోకమంతా పాకింది.

రాజమండ్రి మీదుగా రైల్లో వెళ్ళినవాళ్ళకు ఇందులో విడ్డూరమేమీ ఉండదు. బండి గోదావరి వంతెన ఎక్కగానే బోగీలో ఏదో కదలిక వస్తుంది. పెద్దావిడ కొంగుముడి విప్పుతుంది. “దణ్ణం పెట్టుకుని వెయ్యి నాన్నా” అని మనవడి చేతిలో రూపాయి పెడుతుంది. అది ఒక్కోసారి ఇనుప దూలానికి తగిలి ఠంగుమంటుంది, పిల్లాడి మొహం చిన్నబోతుంది. కింద రేవుల్లో తాడుకి అయస్కాంతం కట్టి ఆ చిల్లర కోసం దేవులాడే కుర్రాళ్ళు ఉంటారు. స్టీలు రూపాయి అతుక్కుంటుంది, పది రూపాయల బిళ్ళ అతుక్కోదు. ఆ చిల్లర వాళ్ళ కూలి. దాన్ని ఎవరైనా తప్పుపడితే నాకు కోపం వస్తుంది.

ఇక్కడా అలాంటి మనిషి ఒకాయన ఉండేవాడు. అయస్కాంతం కట్టిన కర్రతో ఏళ్ళ తరబడి రాత్రిపూట నీళ్ళలో దిగి ఏరుకున్నాడు. 2002లో పోలీసుల చేతికి చిక్కాడు. అప్పటికి ఏడాది ముందే, 2001 నుంచి, ఈ నాణేలు రోమ్ డయోసిస్ సేవాసంస్థ కారితాస్‌కి వెళ్ళడం మొదలైంది.

అదిగో, వచ్చారు.

నగరానికి నీళ్ళూ కరెంటూ అందించే ఆచెయా సంస్థ పనివాళ్ళు. జలధారలు ఆగాయి. హోరు పోయి ఒక్కసారిగా చెవుల్లో ఖాళీ. ఒకతను గట్టు అంచున నిలదొక్కుకుని, పొడుగాటి కర్ర చీపురు నీళ్ళలోకి దింపి తోస్తున్నాడు. గులకరాళ్ళ మీద అల వెనక్కి తగ్గేటప్పుడు వచ్చే చప్పుడు. కళ్ళంలో ధాన్యాన్ని పలకతో తోసినట్టు, చెదిరిన బిళ్ళలన్నీ పొడవాటి గట్టులా పేరుకుంటున్నాయి. తర్వాత గొట్టం. నీళ్ళూ నాణేలూ కలిపి గలగలా లోపలికి లాగేసుకుంటోంది. ఆ గలగల మొదలవగానే పనివాళ్ళు మాటలాపేశారు. పక్కనే పోలీసులు నిలబడి చూస్తున్నారు.

తడి సంచి ఒకటి ఎత్తి చూడండి. నడుము పట్టేస్తుంది. పది సెంట్ల నాణెం 4.1 గ్రాములు, కిలోకి దాదాపు 244. అంటే కిలో బరువు మోస్తే పాతిక యూరోలు కూడా రావు. చిల్లరతో చేసే దానంలో కష్టమంతా ఈ బరువులోనే ఉంది. చెక్కు మీద సంతకం పెట్టినవాడికి భుజం నొప్పి పుట్టదు.

సంచుల వెంటే మనమూ కారితాస్ వాళ్ళ గదికి వెళ్దాం. పెద్ద బల్ల మీద గుమ్మరించారు. పాచి వాసన, తడి లోహపు వాసన. ముందు ఆరాలి, తర్వాత ఏరాలి. తిరుమల పరకామణిలో సేవకు కూర్చున్నవాళ్ళకు ఈ గది చెప్పకుండానే తెలిసిపోతుంది. అక్కడా ఇక్కడా అవే వంగిన మెడలు, అవే నల్లబడిన వేళ్ళు, కుప్పలోంచి బిళ్ళను లాగి పక్కకు తోసే అదే బొటనవేలు. యూరోలు ఒక పక్క, పరదేశాల డబ్బు ఒక పక్క. ఉంగరాలు, మేరీమాత పతకాలు వేరే. ఉంగరం దొరికినప్పుడు చేతులు కాస్త ఆగుతాయి. వేలి నుంచి జారిందో, కావాలని విసిరారో.

పరదేశపు కుప్పలో వేలు పెట్టి కదపండి. ఈ బిళ్ళ మనకు తెలుసు. రెండు రూపాయలు. సంవత్సరం కింద బుల్లి నక్షత్రం. ఆ గుర్తు హైదరాబాద్ టంకశాలది. చర్లపల్లిలో అచ్చయి, ఎవరి చిన్న పర్సులోనో సముద్రాలు దాటి, ఎవరి ఎడమ భుజం మీదుగానో ఇక్కడ పడింది. వేసినవాళ్ళు కళ్ళు మూసుకుని ఏం కోరుకున్నారో.

2016లో ఈ ఫౌంటెన్ నుంచి వచ్చింది 14 లక్షల యూరోల దాకా. రోజుకు సగటున 3,800 పైనే. అంత సొమ్ము చుట్టూ గొడవ రాకుండా ఉండదు. దాన్ని నగరపాలక ఖజానాకు మళ్ళించే ఆలోచన 2019 జనవరిలో రచ్చకెక్కింది. నిరసనలొచ్చాయి. చివరికి కారితాస్‌కే ఉంటుందని అప్పటి మేయర్ వర్జీనియా రాజ్జి ప్రకటించారు. ఆ మాట నిలబడడం మంచిదైంది. ఎందుకు మంచిదో సాయంత్రానికి కనబడుతుంది.

సాయంత్రం తెర్మిని స్టేషన్ పక్క వియా మార్సాలా వీధి. గోడకు అటువైపు రైళ్ళు కీచుమంటున్నాయి. ఇటువైపు తలుపు ముందు వరస. నెత్తిన ఉన్ని టోపీలు, చేతుల్లో ప్లాస్టిక్ సంచులు, ఒకాయన చంకలో చుట్టిన దుప్పటి. ఇల్లు లేనివాళ్ళ కోసం కారితాస్ నడిపే ఈ ఆశ్రయం 1987లో మొదలైంది. రోమ్‌లో కారితాస్‌ని నెలకొల్పిన ఫాదర్ లుయీజీ ది లియేగ్రో పేరే దీనికీ పెట్టారు. వరసలో ఎవరూ తోసుకోవడం లేదు. ముందున్నవాడు ఒక అడుగు వేస్తే వెనకవాడు ఒక అడుగు.

ఇంకొక్క చోటికి వెళ్ళి ఆగుదాం. కాసిలీనా వీధి వైపు కారితాస్ 2008లో తెరిచిన ‘ఎంపోరియో’, అంటే దుకాణం. అరలు, తోపుడు బళ్ళు, గల్లాపెట్టె దగ్గర మనిషి, అన్నీ మామూలు సూపర్ మార్కెట్‌లాగే. వచ్చినవాళ్ళు డబ్బివ్వరు. కార్డులో కుటుంబాన్ని బట్టి పాయింట్లు ఉంటాయి.

పాస్తా అర ముందు ఒకావిడ నిలబడి ఉంది. పక్కన ఆరేడేళ్ళ పిల్ల. ఆవిడ ఒక పొట్లం తీసింది, వెనక ఉన్న అచ్చు చదివింది, తిరిగి పెట్టేసింది. ఇంకోటి తీసింది. పిల్ల తల అడ్డంగా ఊపి కింది అరలోని నీలం పొట్లం చూపించింది. తల్లి రెండూ రెండు చేతుల్లో పట్టుకుని ఆలోచిస్తోంది. వెనక ఎవరూ తొందరపెట్టడం లేదు.