పాత వాచీ ఆన్‌లైన్‌లో కొంటున్నారా? తళతళలాడే డయల్‌ను ఎందుకు అనుమానించాలి?

2021 నవంబరులో జెనీవాలో జరిగిన ఒక వేలంలో 1957 నాటి ఒమేగా స్పీడ్‌మాస్టర్ వాచీ 31 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. వేలం సంస్థ ముందుగా వేసిన అంచనా 80 వేల నుంచి 1.2 లక్షల ఫ్రాంకులు మాత్రమే. ఏళ్లు గడిచేకొద్దీ నలుపు నుంచి చాక్లెట్ రంగులోకి మారిన డయల్ దాని ప్రత్యేకత. కొన్నది మరెవరో కాదు, ఒమేగా కంపెనీయే. తన మ్యూజియం కోసం తీసుకుంది.

2023లో అసలు సంగతి బయటపడింది. అది వేర్వేరు పాత వాచీల భాగాలు తెచ్చి కూర్చిన వాచీ అని తేలింది. ఇందులో తమ సంస్థలో పనిచేసిన వారి ప్రమేయం ఉందని ఒమేగాయే ప్రకటించింది.

తయారుచేసిన కంపెనీ మ్యూజియంలోకే ఇలాంటి వాచీ చేరగలిగింది. అలాంటప్పుడు ఫోన్‌లో నాలుగు ఫొటోలు చూసి యూపీఐలో డబ్బు పంపేవారి పరిస్థితి ఏమిటి? భారత్‌లో ఈ ప్రశ్న కోట్ల విలువైన వాచీలకే పరిమితం కాదు. రెండు మూడు వేల రూపాయల హెచ్‌ఎంటీ, సీకో, ఫావ్రే-లూబా వాచీలు కొనేవారికి ఇది రోజూ ఎదురయ్యేదే.

పాత వాచీలకు గిరాకీ ఎందుకు?

మొదటి కారణం జ్ఞాపకం. ప్రభుత్వ రంగ సంస్థ హెచ్‌ఎంటీ 1961లో జపాన్‌కు చెందిన సిటిజన్ సహకారంతో బెంగళూరులో వాచీల ఫ్యాక్టరీ పెట్టింది. జనతా, పైలట్, సోనా, కాంచన్, కోహినూర్ వంటి పేర్లు ఇళ్లలో వాడుక మాటలయ్యాయి. పెళ్లికొడుక్కి వాచీ, సైకిలు, రేడియో పెట్టడం ఆనవాయితీగా ఉన్న రోజుల్లో తెలుగు ఊళ్లలోనూ ఆ వాచీ చాలాసార్లు హెచ్‌ఎంటీదే. హైదరాబాద్ ఆల్విన్ కూడా 1980లలో సీకో సాంకేతిక సహకారంతో వాచీలు తయారుచేసింది.

ఆ తర్వాత టైటన్ క్వార్ట్జ్ వాచీలతో మార్కెట్‌లోకి వచ్చింది. కీ ఇచ్చే వాచీల కాలం చెల్లింది. హెచ్‌ఎంటీ వాచీల విభాగం మూతపడబోతోందన్న వార్త 2014లో రాగానే చాలామంది దుకాణాలకు పరుగులు తీశారు. 2016 జనవరిలో హెచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకు కేంద్రం ఆమోదం తెలిపింది. హెచ్‌ఎంటీ పేరుతో కొత్త వాచీలు ఇప్పటికీ అమ్ముతున్నా, పాతవాటి మీద మోజు అప్పటి నుంచి తగ్గలేదు.

రెండో కారణం ధర. కొత్త స్విస్ మెకానికల్ వాచీకి పెట్టే డబ్బులో చిన్న వంతుకే పాత హెచ్‌ఎంటీ దొరుకుతుంది. దాని మెషీన్ నిర్మాణం సరళం. పాత తరం రిపేరర్లకు బాగా తెలిసినది. విడిభాగాలు కూడా పాడైన వాచీల నుంచి దొరుకుతాయి. శుభ్రం చేసి ఆయిల్ వేయించి, రోజుకోసారి కీ ఇస్తే ఇంకో తరం పనిచేస్తుంది. బ్యాటరీ అవసరం లేదు.

మూడోది పెట్టుబడి ఆశ. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ సొంత రోలెక్స్ డేటోనా 2017లో న్యూయార్క్ వేలంలో దాదాపు 1.77 కోట్ల డాలర్లు పలికింది. ఇలాంటి వార్తలు చూసి ఇంట్లో పాత వాచీ ఉన్న ప్రతివారికీ ఆశ పుడుతుంది. కానీ ఆ ధర ఆ వాచీ ఎవరి చేతికి ఉండేదన్న రుజువుకు పలికింది. లక్షల సంఖ్యలో తయారైన వాచీలకు ఆ లెక్క వర్తించదు.

‘ముంబయి స్పెషల్’ అంటే ఏమిటి?

పాత వాచీలు సేకరించే వారి మధ్య ప్రపంచమంతా వాడుకలో ఉన్న మాట ఇది. పాత వాచీ తీసుకుని, డయల్‌కు కొత్తగా రంగు వేసి, కంపెనీ పేరు మళ్లీ అచ్చువేసి, కేస్‌ను పాలిష్ చేసి, దొరికిన ముళ్లు, దొరికిన కీ తగిలించి ‘ఒరిజినల్ వింటేజ్’ అని అమ్మితే దాన్ని అలా పిలుస్తారు. ముంబయిలోనే తయారవ్వాలని లేదు. భారత్ నుంచి ఆన్‌లైన్‌లో పెద్ద సంఖ్యలో ఇలాంటివి అమ్మకానికి రావడంతో ఆ పేరు పడిపోయింది.

వీటిలో కొన్నింటికి డయల్ మాత్రమే మారుతుంది. మరికొన్ని అతుకుల బొంతలు. డయల్ మీద పెద్ద స్విస్ పేరు, లోపల దానికి సంబంధం లేని చవక మెషీన్, వెనక మూత ఇంకో వాచీది. హెచ్‌ఎంటీ, సీకో 5, సిటిజన్, ఫావ్రే-లూబా వంటి పేర్లతో ఇవి ఎక్కువగా కనిపిస్తాయి.

రిపేరుకూ మోసానికీ గీత ఎక్కడ?

డయల్‌కు మళ్లీ రంగు వేయడం దానంతటదే నేరం కాదు. వానాకాలపు తేమకు, చెమటకు ఇక్కడి వాచీల డయళ్లు త్వరగా మచ్చలు పడేవి. విదేశీ సరుకుపై ఆంక్షలున్న దశాబ్దాల్లో స్విస్ కంపెనీ నుంచి కొత్త డయల్ తెప్పించుకోవడం మామూలు మనిషికి సాధ్యమయ్యేది కాదు. ఆ అవసరంలోంచే రీడయల్ పని పుట్టింది. నాన్న వాచీని మళ్లీ చేతికి పెట్టుకునేలా చేసిన రిపేరర్‌ను ఎవరూ మోసగాడు అనరు.

చేసిన మార్పు చెప్పి అమ్మితే అది రిపేరు. దాచి, ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉందని అమ్మితే మోసం. వాచీ అదే, చేతిపని కూడా అదే. తేడా అమ్మేవారి మాటలో ఉంటుంది. అందుకే ఆన్‌లైన్‌లో పాత వాచీ కొనడమంటే సగం వాచీని, సగం అమ్మేవారిని కొనడం.

కొనేవారి అభిరుచికి కూడా ఇందులో పాత్ర ఉంది. అనుభవం ఉన్న సేకర్తలు మచ్చలున్నా ముట్టుకోని డయల్‌కే ఎక్కువ ఇస్తారు. కొత్తగా కొనేవారు ఫొటోలో మెరిసేదాన్ని ఎంచుకుంటారు. మెరుపుకు గిరాకీ ఉన్నంతకాలం మెరిసే డయళ్లు తయారవుతూనే ఉంటాయి.

ఫొటోల్లో ఏం చూడాలి?

డయల్ మీద అచ్చు: ఫ్యాక్టరీ అక్షరాలు సన్నగా, పదునుగా ఉంటాయి. రీడయల్‌లో అక్షరాల అంచులు లావెక్కి, కాస్త చెదిరినట్టు ఉంటాయి. నిమిషాల గీతలు గంటల గుర్తులతో కలవవు. లోగో పక్కకు ఒరిగి ఉంటుంది.

వయసు పొంతన: డయల్ నిన్న చేసినట్టు ఉండి, ముళ్లు తుప్పుపట్టి, మెషీన్ నల్లబడి ఉంటే అనుమానించాలి. యాభై ఏళ్ల వాచీలో భాగాలన్నీ కలిసే ముసలివవుతాయి.

రంగు: ఎరుపు, పచ్చ, నీలం రంగుల డయళ్లతో వచ్చే హెచ్‌ఎంటీ పైలట్‌లను జాగ్రత్తగా చూడాలి. అయితే రంగు ఒక్కదాన్నే చూసి తేల్చకూడదు. అచ్చు, ముళ్లు, మెషీన్ కూడా కలిపి చూడాలి.

కేస్: పాలిష్ ఎక్కువైతే అంచులు అరిగి గుండ్రబడతాయి. వెనక మూత మీది అక్షరాలు మసకబారతాయి.

మెషీన్: వెనక మూత తీసిన ఫొటో అడగడం అన్నిటికన్నా ముఖ్యం. డయల్ మీద ఉన్న పేరుకు, మెషీన్ మీద చెక్కిన పేరుకు, నంబరుకు పొంతన ఉందో లేదో అందులోనే తెలుస్తుంది. ఆ ఫొటో పంపనని చెప్పే వ్యక్తి దగ్గర కొనకపోవడమే మంచిది.

సీకోలో ఈ పరీక్ష తేలిక. వెనక మూత మీద నాలుగంకెల మెషీన్ నంబరు, హైఫన్, ఆ తర్వాత నాలుగంకెల కేస్ నంబరు ఉంటాయి. డయల్ అడుగు అంచున కంటికి ఆననంత చిన్నగా అచ్చువేసే కోడ్ కూడా సాధారణంగా అదే మెషీన్ నంబరుతో మొదలవుతుంది. మళ్లీ అచ్చువేసిన డయళ్లలో ఆ కోడ్ ఉండదు, లేదా చదవరాకుండా ఉంటుంది. సీరియల్ నంబరులో మొదటి అంకె తయారీ సంవత్సరపు చివరి అంకె. రెండోది నెల. అక్టోబరుకు సున్నా, నవంబరుకు ఎన్, డిసెంబరుకు డి. అంటే 7తో మొదలైతే 1967, 1977, 1987లలో ఏదో ఒకటి. ఆ మోడల్ ఏ దశాబ్దంలో తయారైందో తెలిస్తే ఏడాది తేలుతుంది. అమ్మేవారు చెప్పే సంవత్సరం దీనితో కలవకపోతే కారణం అడగాలి.

‘వాడని పాత స్టాకు’ అనే మాటను కూడా ఊరికే నమ్మకూడదు. నిజంగా దుకాణంలో మిగిలిపోయిన సరుకు ఉంటుంది. మిగిలిన విడిభాగాలతో ఇటీవల బిగించినవీ అదే పేరుతో అమ్మకానికి వస్తాయి.

‘నడుస్తోంది’ అంటే సరిపోతుందా?

సరిపోదు. ఫొటో తీసే పది నిమిషాలు నడిచి, రాత్రికి ఆగిపోయే వాచీ కూడా ‘నడిచేదే’. చివరిసారి సర్వీసింగ్ ఎప్పుడు చేయించారు, రోజుకు ఎంత తేడా వస్తోంది, కీ పూర్తిగా ఇస్తే ఎన్ని గంటలు నడుస్తోంది అని అడగాలి. వాచీ టిక్‌టిక్‌లను విని వేగాన్ని కొలిచే టైమ్‌గ్రాఫర్ యంత్రం చాలామంది వ్యాపారుల దగ్గర ఉంటుంది. దాని రీడింగ్ ఫొటో అడగవచ్చు. పాత మెకానికల్ వాచీ రోజుకు కొన్ని సెకన్ల నుంచి ఒక నిమిషం దాకా అటూఇటూ కావడం వింతేమీ కాదు.

సర్వీసింగ్ ఖర్చును ధరలో కలిపి చూసుకోవాలి. చవక వాచీ విషయంలో ఆ ఖర్చే కొన్న ధరను మించవచ్చు. వెనక ‘వాటర్ రెసిస్టెంట్’ అని ఉన్నా, దశాబ్దాల నాటి రబ్బరు రింగులను నమ్మి నీళ్లలో పెట్టకూడదు.

రేడియంతో ప్రమాదం ఉందా?

1960ల దాకా చీకట్లో వెలిగే ముళ్లు, అంకెలకు చాలా కంపెనీలు రేడియం పూత వాడాయి. వెలుగు ఏనాడో ఆగిపోయినా రేడియం అలాగే ఉంటుంది. దాని అర్ధాయువు సుమారు 1,600 ఏళ్లు. వాచీ మూసి ఉన్నంతవరకు ముప్పు తక్కువ. గ్లాసు తీసి ఆ పూతను గీకినా, ఆ పొడి ఊపిరిలోకి వెళ్లినా ప్రమాదం. అలాంటి వాచీని ఇంట్లో విప్పకూడదు. సర్వీసింగ్‌కు ఇచ్చేటప్పుడు రిపేరర్‌కు ముందే చెప్పాలి.

విదేశాల నుంచి తెప్పిస్తే?

ఇక్కడ చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. విదేశీ వాణిజ్య విధానం ప్రకారం యంత్రాల వంటి మూలధన వస్తువులు కాని వాడిన సరుకు దిగుమతి నియంత్రిత జాబితాలో ఉంది. దానికి అనుమతి పత్రం కావాలి. పార్సిల్ కస్టమ్స్‌లో ఆగిపోతే సుంకంతో పాటు జరిమానా, సరుకు కోల్పోయే అవకాశం కూడా ఉంటాయి. ‘గిఫ్ట్ అని రాసి పంపుతాం’, ‘ధర తక్కువ చూపిస్తాం’ అని అమ్మేవారు చెబితే ఆ తప్పుడు ప్రకటన భారం చివరికి తెప్పించుకున్న వారి మీదే పడుతుంది. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న బంధువుల చేత కొనిపించాలనుకునే వారు కూడా ప్రయాణికుల సామాను నిబంధనలు ముందుగా చూసుకోవాలి.

డబ్బు ఎలా చెల్లించాలి?

వాచీ చేతికొచ్చి, కొన్నవారు సరే అనేదాకా డబ్బు పట్టి ఉంచే వేదికల ద్వారా కొనడం మేలు. కొంత కమిషన్ పోయినా అది బీమా లాంటిది. సోషల్ మీడియా గ్రూపుల్లో పరిచయమైన వ్యక్తికి నేరుగా యూపీఐలో పంపితే, వాచీ రాకపోయినా, వేరేది వచ్చినా డబ్బు వెనక్కి రాబట్టడం కష్టం. తెలిసినవారు ఉన్న ఊరైతే చూసి తీసుకోవడమే మంచిది.

పాత వాచీ అమ్మేవారికి కూడా ఉచ్చులున్నాయి. ‘డబ్బు వేస్తాం, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అంటే అది మోసమే. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ అవసరం లేదు.

పార్సిల్ విప్పేటప్పుడు మొదటి నుంచి చివరిదాకా వీడియో తీయాలి. ‘ఒరిజినల్ డయల్’ అన్న మాటను ఫోన్‌లో కాకుండా సందేశంలో రాయించుకోవాలి. తర్వాత గొడవ వస్తే ఆ ఒక్క వాక్యమే ఆధారం.

మోసపోతే ఏం చేయాలి?

డబ్బు తీసుకుని వాచీ పంపకుండా మాయమైతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బును ఖాతాలో నిలిపివేయించే అవకాశం అంత ఎక్కువ. వ్యాపారి నకిలీ అంటగడితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. అయితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రధానంగా వ్యాపారుల నుంచి కొన్న సరుకుకు వర్తిస్తుంది. ఇంట్లోని వాచీని ఒకసారి అమ్ముకున్న వ్యక్తి మీద ఆ దారి సులువు కాదు. అప్పుడు మిగిలేది పోలీసు ఫిర్యాదు. మోసం భారతీయ న్యాయ సంహితలోని 318వ సెక్షన్ కిందకు వస్తుంది.

రెండు మూడు వేల వాచీ కోసం ఇన్ని తిప్పలు ఎవరూ పడరు. అమ్మేవారి ధైర్యం కూడా అదే. కాబట్టి జాగ్రత్తంతా డబ్బు పంపేముందే తీసుకోవాలి.

చివరగా, కొత్తగా మొదలుపెట్టేవారు ఆన్‌లైన్‌కు వెళ్లేముందు ఇంట్లో బీరువా సొరుగు ఒకసారి వెతకడం మంచిది. తాతగారి చేతి నుంచి నేరుగా వచ్చిన వాచీ చరిత్రకు ఎవరి హామీ అక్కర్లేదు. మచ్చలున్నా డయల్‌కు రంగు వేయించకుండా, మెషీన్‌ను మాత్రమే సర్వీసింగ్ చేయించి వాడుకోవచ్చు. ముట్టుకోని డయల్ ఎలా ఉంటుందో దాన్ని చూసి నేర్చుకుంటే, ఆన్‌లైన్‌లో కొనబోయే తర్వాతి వాచీ ఫొటోలను పోల్చుకోవడానికి అదే పనికొస్తుంది.