కొత్త ఇంటి భయం: 'రాత్రి' చలనచిత్రం

ఆగ్నేయ రైల్వే 1955లో ఏర్పడింది. 2003లో విభజన జరిగే వరకు బిలాస్‌పూర్, వాల్తేరు డివిజన్లు రెండూ అందులోవే. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుండి పెరిగిన బిలాస్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగు కుటుంబాలు స్థిరపడటానికి ఉద్యోగమే ముఖ్య కారణం. రైల్వే ఉద్యోగమంటే బదిలీ. బదిలీ అంటే మరొకరు కాపురముండి వెళ్లిన క్వార్టరు. గోడకు ఎవరో కొట్టిన మేకులు, పెరట్లో ఎవరో కట్టిన తులసికోట, గడప మీద ఎవరో పూసిన పసుపు మరక. ఆ ఇంట అంతకుముందు ఏమి జరిగిందో కొత్తగా దిగినవారికి తెలియదు. అడగటానికి ఇరుగుపొరుగు పరిచయమూ అప్పటికి ఉండదు.

ఉద్యోగి కుటుంబానికి సహజమైన ఈ బెరుకునే కథావస్తువుగా గ్రహించిన చిత్రం 'రాత్రి'. రామ్‌గోపాల్ వర్మ దీనిని 1992లో తెలుగు, హిందీ భాషలలో ఏకకాలంలో రూపొందించాడు. హిందీలో దీని పేరు 'రాత్'. 1989 నాటి 'శివ' సాధించిన ఘనవిజయం ముందు ఇది వెలవెలబోయింది. విడుదలైనప్పుడు తగిన ఆదరణకు నోచుకోలేదు. తరువాతి కాలంలో మాత్రం అభిమానులను సంపాదించుకున్నది.

కథ క్లుప్తమైనది. ఒక మధ్యతరగతి కుటుంబం కొత్త ఇంట్లో చేరుతుంది. కారు క్రింద పడి ఒక పిల్లి చనిపోతుంది. కళాశాలలో చదువుతున్న కుమార్తె ప్రవర్తన క్రమేణా మారుతుంది. ఆ పాత్రను రేవతి, మాంత్రికుని పాత్రను ఓంపురి ధరించారు. గతంలో ఆ ఇంట హత్యకు గురైన స్త్రీ ఆత్మే కారణమని చివరకు తెలుస్తుంది.

అంతవరకు హిందీలో రామ్సే సోదరుల 'పురానా మందిర్' (1984), 'వీరానా' (1988) వంటి చిత్రాలలో దెయ్యానికి పాడుబడిన కోటలు, పాత హవేలీలు నివాసాలు. ప్రేక్షకుడు భయపడి ఇంటికి చేరుకుంటే చాలు, అక్కడ క్షేమం. 'రాత్రి' ఆ క్షేమాన్నే తీసివేసింది. ఇక్కడ దెయ్యం ఉన్నది భోజనాల బల్ల, గ్యాస్ పొయ్యి, పిల్లల పుస్తకాలు ఉన్న ఇంట్లో. కెమెరా నేలకు దగ్గరగా గదులలో జారుతుంటే ఎవరో వెంటపడుతున్నట్లే తోస్తుంది. నిండిన సినిమాహాలు నుండి బయటికి వెళ్లిన యువతి తిరిగి వచ్చేసరికి కుర్చీలన్నీ ఖాళీగా ఉండే ఘట్టం మరీ చెప్పుకోదగినది. నలుగురి మధ్య ఉన్నా ఎవరూ లేకపోవడం నగరవాసికి దెయ్యం కంటె పాత అనుభవం.

పాశ్చాత్య భూతచిత్రాల ప్రభావం స్పష్టమే. 1973 నాటి 'ఎక్సార్సిస్ట్' చూసినవారికి ఆవహించిన కుమార్తె, నిస్సహాయయైన తల్లి కొత్త కాదు. అయితే మనస్తత్వ వైద్యుడా, మాంత్రికుడా అని ఆ తండ్రి పడే సందిగ్ధం మాత్రం ఇక్కడిది. చదువుకున్నవాడు మంత్రాన్ని నమ్మడు, బిడ్డ ప్రాణం మీదికి వస్తే కాదనలేడు. చిత్రం మాంత్రికుని పక్షమే వహించింది. అది దాని లోపమనే చెప్పాలి.

ఈ లోపాన్ని తేలికగా తీసివేయరాదు. తెలంగాణలో బాణామతి, ఛత్తీస్‌గఢ్ పల్లెలలో టోనహీ అనే అనుమానాలు వెండితెర మీది వినోదాలు కావు. ఎవరింటనో జబ్బు చేస్తే ఆ నింద ఊరిలోని ఒంటరి స్త్రీ మీద పడుతుంది. కొట్టడం, ఊరేగించడం, చంపడం వరకు పోయిన ఉదంతాలున్నవి. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2005లో టోనహీ పేరిట వేధింపులను నిరోధించే చట్టం తేవలసి వచ్చింది. ఈ నేపథ్యంలో చూస్తే 'రాత్రి'లో ఒక విశేషం కనబడుతుంది. ఇందులో చేతబడి చేసిందని వేలెత్తి చూపబడే స్త్రీ లేదు. దెయ్యమైన స్త్రీ స్వయంగా బాధితురాలు. భయానికి మూలం ఆమె శక్తి కాదు, ఆమె పట్ల జరిగి, గోడల మధ్య కప్పిపెట్టబడిన నేరం. ఊరి భయం సజీవురాలైన స్త్రీని వెదుకుతుంది. ఈ కథ హంతకుని వైపు చూస్తుంది.

ఇదే దర్శకుడు 2003లో హిందీలో తీసిన 'భూత్' విజయం పొందింది. అందులోనూ కొత్తగా చేరిన దంపతులు, అంతకుముందు అక్కడ నివసించినవారి మరణం. కాకపోతే ఇల్లు ముంబయిలోని ఎత్తైన భవనంలో ఒక ఫ్లాటు. ఎదుటి తలుపు వెనుక ఎవరున్నారో తెలియని బ్రతుకు ఆ నాటికి లక్షలాది మందికి అలవాటైనది. 1992లో అది ఇంకా బదిలీ ఉద్యోగుల అనుభవంగానే ఉన్నది.