పక్షం వీడిన అధ్యక్షుడు: 1967 లోక్‌సభ స్పీకర్ ఎన్నిక – ఒక పరిశీలన

1967 మార్చి 17న నాలుగవ లోక్‌సభ తన స్పీకరును ఓటింగు ద్వారా ఎన్నుకుంది. కాంగ్రెస్ అభ్యర్థి నీలం సంజీవరెడ్డికి 278 ఓట్లు, ప్రతిపక్షాలు నిలబెట్టిన స్వతంత్ర సభ్యుడు తెన్నేటి విశ్వనాథానికి 207 ఓట్లు లభించాయి. ఒకరు హిందూపురం నుంచి, మరొకరు విశాఖపట్నం నుంచి గెలిచి వచ్చినవారు. అంతకు పదమూడేళ్ల క్రితం కర్నూలు రాజధానిగా ఉన్న ఆంధ్ర రాష్ట్రంలో టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రిగా ఏర్పడిన మంత్రివర్గంలో ఇద్దరూ సహచరులే. సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి, విశ్వనాథం ఆర్థికమంత్రి. ఆ ప్రభుత్వం 1954 నవంబరులో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. తెలుగు ఆత్మకథలను పరిశోధనాంశంగా తీసుకున్నవారికి విశ్వనాథం మరో విధంగా పరిచితులు. ప్రకాశం ‘నా జీవిత యాత్ర’కు చివరి భాగాన్ని రాసి పూర్తిచేసినది ఆయనే.

ఒకే భాష మాట్లాడే ఇద్దరు పాత సహచరులు ఢిల్లీలో ఒకే పీఠానికి పోటీపడటం ఆసక్తికరమైన సన్నివేశమే. అయితే ఈ వ్యాసం పట్టించుకునేది ఆ సన్నివేశాన్ని కాదు. ఒక పక్షం ఓట్లతో గెలిచినవాడు అన్ని పక్షాలకూ అధ్యక్షుడు కాగలడా, కాగలిగితే ఆ యోగ్యత అతనికి ఎన్నికలో సంక్రమిస్తుందా, ఎన్నిక తరువాత అతడు సంపాదించుకోవలసి ఉంటుందా అన్నదే ఇక్కడి ప్రశ్న.

సభాపతి, అధ్యక్షుడు

ఇంగ్లండులో ‘స్పీకర్’ అంటే మొదట్లో కామన్స్ సభ తరఫున రాజుతో మాట్లాడేవాడు. సభలో అందరికన్నా తక్కువ మాట్లాడవలసిన వ్యక్తికి ఆ పేరే స్థిరపడింది. తెలుగులో ‘సభాపతి’ అన్న మాట శాసనసభ కన్నా చాలా పాతది. చిదంబరంలోని నటరాజుకు అది నామం. శాసనసభల్లో సభ్యుల నోట నిత్యం వినిపించే సంబోధన మాత్రం ‘అధ్యక్షా’. ఆరోపణ, దూషణ, ఎత్తిపొడుపు, కృతజ్ఞత – ఏదైనా ఆ సంబోధన మీదుగానే ఎదుటి పక్షానికి చేరాలి. అధ్యక్షుడంటే పైనుండి కనిపెట్టి చూసేవాడు. పక్షం, అధ్యక్షం అని ప్రాస చక్కగా కుదురుతుంది గాని వ్యుత్పత్తి కుదరదు. ఒకదానిలో ఉన్నది రెక్క, రెండోదానిలో ఉన్నది కన్ను.

సభకు పెద్దగా కూర్చున్నవాని బాధ్యత ఎంతటిదన్న విచారణ మన వాఙ్మయంలో కొత్తది కాదు. వ్యాసభారత సభాపర్వంలో ద్రౌపది వేసిన ప్రశ్నకు కురువృద్ధులు జవాబు చెప్పలేక మౌనం వహించినప్పుడు విదురుడు ఒక పాత కథను ఎత్తుకుంటాడు. ప్రహ్లాదుని కొడుకు విరోచనుడికీ, అంగిరసుని కొడుకు సుధన్వుడికీ తమలో ఎవరు అధికులన్న వివాదం వస్తుంది. ఇద్దరూ ప్రాణాలు పందెంగా ఒడ్డి, తీర్పు చెప్పమని ప్రహ్లాదుడినే ఆశ్రయిస్తారు. ప్రహ్లాదుడు కశ్యపుని వద్దకు వెళ్లి, అబద్ధం చెప్పినా అసలు చెప్పకపోయినా కలిగే ఫలితమేమిటని అడుగుతాడు. నిందించదగిన దానిని నిందించని సభలో జరిగిన అధర్మంలో సగభాగం సభకు పెద్ద అయినవానికీ, పావుభాగం చేసినవానికీ, మిగిలిన పావు ఊరకున్న సభ్యులకూ చెందుతుందని కశ్యపుడు లెక్క చెబుతాడు. ప్రహ్లాదుడు సుధన్వుడే అధికుడని తీర్పు ఇస్తాడు. కొడుకు ప్రాణం పోయేదే గాని, ఆ తీర్పు విన్న సుధన్వుడు దానిని తిరిగి ఇచ్చివేస్తాడు.

ఈ పంపకంలో గమనించవలసినది, తప్పు చేసినవానికన్నా రెట్టింపు భాగం సభాశ్రేష్ఠునికి రావడం. ఇంకొకటి కూడా ఉంది. వివాదంలో ఒక పక్షానికి తండ్రి అయినవానినే మధ్యవర్తిగా ఎదుటి పక్షం కూడా అంగీకరించింది. ప్రహ్లాదుడు తన పితృత్వాన్ని వదులుకోలేదు, వదులుకోవడం సాధ్యమూ కాదు. పార్టీ సభ్యత్వం అలాంటిది కాదు, దానికి రాజీనామా చేయవచ్చు. సంజీవరెడ్డి చేశారు.

అంకెలు చెప్పేది

1967 సార్వత్రిక ఎన్నికల్లో కాంగ్రెస్ 520 స్థానాలకు 283 గెలిచింది. అప్పటివరకు ఆ పార్టీకి లోక్‌సభలో ఉన్న తిరుగులేని ఆధిక్యం సన్నని మెజారిటీగా మారింది, పలు రాష్ట్రాల్లో అధికారమూ చేజారింది. సంజీవరెడ్డికి వచ్చిన 278 ఓట్లను ఈ 283 పక్కన పెట్టి చూస్తే ఆ ఎన్నిక ఎంత నిక్కచ్చిగా పక్షాల గీత వెంట జరిగిందో తేటతెల్లమవుతుంది. 1952లో మావలంకర్‌పై కూడా పోటీ జరిగింది. కాని అప్పుడు ఆయనకు 394, ప్రత్యర్థి శంకర్ శాంతారామ్ మోరేకు 55 ఓట్లు పడ్డాయి. ఆ పోటీ నిరసన ప్రకటన వంటిది. 1967 నాటిది నిజమైన పోటీ.

విశ్వనాథం పొందిన 207 ఓట్లను చరిత్రకారులు ఓడిన అంకెగా చూసి వదిలేస్తారు. ఆ సభలో కాంగ్రెసేతర పక్షాల్లో అతి పెద్దదైన స్వతంత్ర పార్టీ బలం 44. జనసంఘానికి 35, ద్రవిడ మున్నేట్ర కజగానికి 25, సంయుక్త సోషలిస్టులకు 23, కమ్యూనిస్టు పార్టీకి 23, మార్క్సిస్టులకు 19, ప్రజా సోషలిస్టులకు 13. ఎంత కూడినా, ఒకరితో ఒకరికి పొసగని ఈ పక్షాల్లో దాదాపు అన్నీ కలిస్తే తప్ప 207 సమకూరదు. పక్షాల మధ్య వారధి కట్టగలవాడు అన్న కొలమానాన్ని ఎన్నిక రోజుకే పరిమితం చేస్తే ఆ మాట విశ్వనాథానికే ఎక్కువ చెల్లుతుంది. గెలిచినవారికి ఒక పార్టీ ఓట్లు, ఓడినవారికి అరడజను పార్టీల ఓట్లు! అయితే ఆ ఐక్యతకు పునాది అభ్యర్థి మీది విశ్వాసం ఎంతో, పాలక పక్షం మీది వ్యతిరేకత ఎంతో అంకెలు విడదీసి చూపలేవు. విశాఖ ఉక్కు ఉద్యమ నాయకుడిగా ఏ పార్టీ టిక్కెట్టూ లేకుండా గెలిచి వచ్చిన వ్యక్తి కావడం మాత్రం ఆయనకు కలిసివచ్చిందనుకోవచ్చు.

ప్రతిపక్షాల అనుమానానికి ఆధారం లేకపోలేదు. సంజీవరెడ్డి అంతవరకు కేంద్ర మంత్రి. అంతకు ముందు రెండు పర్యాయాలు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి, మధ్యలో అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షుడు. పార్టీతో ఇంతగా అల్లుకుపోయిన జీవితం మరొకటి చూపడం కష్టం. ఎన్నికైన వెంటనే ఆయన కాంగ్రెస్ సభ్యత్వానికి రాజీనామా చేశారు.

ఇది పూర్వదృష్టాంతం లేని పని కాదు. 1925లో విఠల్‌భాయ్ పటేల్ కేంద్ర శాసనసభకు ఎన్నికైన మొదటి భారతీయ అధ్యక్షుడైనప్పుడు 58–56 తేడాతో గెలిచి, స్వరాజ్య పార్టీ నుంచి తప్పుకున్నారు. 1927లో అదే పీఠానికి ఆయనను ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. రెండు ఓట్ల తేడా ఏకగ్రీవంగా మారడానికి పట్టిన కాలం రెండేళ్లకు లోపే. స్వతంత్ర భారతంలో ఆ మార్గం కొనసాగలేదు. మావలంకర్ క్రియాశీల పార్టీ రాజకీయాలకు దూరంగా ఉంటూనే సభ్యత్వాన్ని నిలుపుకున్నారు. పార్టీ నీడ లేకుండా తిరిగి ఎన్నిక కావడం ఇక్కడ ఎవరికైనా కష్టమే. బ్రిటన్‌లో స్పీకర్ సభ్యత్వానికి ప్రధాన పక్షాలు పోటీ పెట్టని సంప్రదాయం ఉంది, మనకు లేదు. సంజీవరెడ్డి చర్యకు విలువ వచ్చింది ఇందువల్లనే.

రాజీనామా వల్ల ఏమి మారిందన్నది పీఠం మీది నిర్ణయాలను బట్టి చూడాలి. రాష్ట్రపతి ప్రసంగం జరిగిన రోజునే ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానాన్ని స్వీకరించడం ఆయన హయాంలోనే మొదటిసారిగా జరిగింది. కొత్త ప్రభుత్వం కుదురుకోకముందే ప్రతిపక్షానికి ఆ అవకాశం ఇవ్వడం పాలక పక్షానికి రుచించే పని కాదు. సభలో సభ్యులు అన్న మాటలపై దావా వేసి స్పీకరునూ ప్రతివాదిగా చేర్చినప్పుడు, ఆ మాటలకు న్యాయస్థానంలో జవాబు చెప్పనక్కరలేదని 1970లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. షెడ్యూల్డు కులాలు, తెగల సంక్షేమంపై పార్లమెంటరీ సంఘం ఏర్పడినదీ ఆ కాలంలోనే. సభా కార్యక్రమాల్లో ప్రధానమంత్రి ఇందిరాగాంధీతో ఆయనకు పలుమార్లు ఘర్షణ జరిగింది. తనను వ్యతిరేకించిన 207 మందికి ఆయన ఇవ్వగలిగిన హామీ ఆ ఘర్షణే.

తిరిగి పక్షంలోకి

ఇక్కడితో ఆపితే ఇది చక్కని నీతికథ అయ్యేది. 1969 మేలో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ మరణించారు. జూలైలో సంజీవరెడ్డి స్పీకర్ పదవిని వదిలి కాంగ్రెస్ అధికారిక అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలిచారు. పేరుకు పార్టీ అభ్యర్థి. నిజానికి పార్టీలో ఒక వర్గం అభ్యర్థి. ప్రధాని ‘అంతరాత్మ ప్రబోధం’ మేరకు ఓటు వేయమని పిలుపునిచ్చారు. బరంపురంలో పుట్టిన మరో తెలుగువాడు వి.వి.గిరి 4,20,077 ఓట్ల విలువతో గెలిచారు, సంజీవరెడ్డికి 4,05,427 వచ్చాయి. కాంగ్రెస్ రెండుగా చీలింది. రెండేళ్లకు పైగా ఏ పక్షానికీ చెందనివాడుగా నిలిచిన వ్యక్తి, దేశంలోని అతి పెద్ద పక్షం చీలికకు కేంద్రబిందువయ్యారు. ఇందులో వ్యక్తిదోషాన్ని మాత్రమే వెతకడం సరికాదని నా అభిప్రాయం. పీఠం దిగిన తరువాత వెళ్లడానికి పార్టీ తప్ప మరో చోటు లేని వ్యవస్థలో పక్షత్యాగం తాత్కాలికంగానే మిగులుతుంది.

1977లో కథ తిరగబడింది. ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్ గెలుచుకోగా, మిగిలిన ఒక్క నంద్యాల నుంచి జనతా అభ్యర్థిగా సంజీవరెడ్డి గెలిచారు. మార్చి 26న ఆయనను స్పీకరుగా ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. పదేళ్ల క్రితం పోటీకి దింపిన పక్షాల్లో అనేకం ఇప్పుడు జనతాలో భాగం. ఓడిన కాంగ్రెస్ కూడా వ్యతిరేకించలేదు. అందరూ కోరుకున్న ఆ అధ్యక్షత నాలుగు నెలలైనా నిండలేదు. జూలై 13న రాజీనామా చేసి, రాష్ట్రపతిగా పోటీ లేకుండా ఎన్నికయ్యారు. స్పీకరుగా ఆయనను అంచనా కట్టడానికి ఇవాళ మనకు మిగిలిన సామగ్రి దాదాపు అంతా పోటీలో గెలిచిన మొదటి దఫాకే చెందినది. ఏకగ్రీవం గొప్ప గౌరవం గాని, నిష్పాక్షికతకు అది రుజువు కాలేదు, కనీసం ఈయన విషయంలో.

ప్రమాణం లేని పదవి

మంత్రులు, న్యాయమూర్తులు భయపక్షపాతాలు, రాగద్వేషాలు లేకుండా విధి నిర్వహిస్తామని ప్రమాణం చేస్తారు. రాజ్యాంగం మూడవ షెడ్యూలులో ఆ ప్రమాణాల పాఠాలున్నాయి. స్పీకరుకు అలాంటి ప్రత్యేక ప్రమాణం ఏదీ లేదు. సభ్యుడిగా చేసిన ప్రమాణమే ఆయనకూ వర్తిస్తుంది. ఆ మాట ఎవరి నోట తప్పనిసరిగా వినవలసి ఉందో వారినే రాజ్యాంగం అడగలేదు. సంజీవరెడ్డి 1989లో ప్రచురించిన ఆంగ్ల జ్ఞాపకాల గ్రంథానికి ఆ ప్రమాణంలోని భయపక్షపాతాల మాటనే శీర్షికగా పెట్టుకోవడం యాదృచ్ఛికమని అనుకోలేం.

1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం, అంటే పదవ షెడ్యూలు, 1967 నాటి చర్యకు చట్టరూపం ఇచ్చింది. స్పీకరుగా ఎన్నికైన వ్యక్తి పార్టీ సభ్యత్వం వదులుకుంటే అనర్హుడు కాడు, పదవి దిగాక తిరిగి చేరినా తప్పు లేదని అందులోని ఐదవ పేరా చెబుతుంది. అదే షెడ్యూలు ఫిరాయింపు కేసుల్లో తీర్పరి అధికారాన్ని స్పీకరుకు కట్టబెట్టింది. ప్రహ్లాదుడి ముందు ఒక్క కొడుకు నిలిచాడు. ఇప్పటి సభాపతి ముందు తనను ఎన్నుకున్న పక్షమే తరచు వాదిగానో ప్రతివాదిగానో నిలుస్తుంది. 1992లో సుప్రీంకోర్టు ఈ అధికారాన్ని 3–2 తేడాతో సమర్థించింది. మెజారిటీ మద్దతు మీద ఆధారపడి పదవిలో ఉండే వ్యక్తి స్వతంత్ర న్యాయనిర్ణేత కాలేడన్నది భిన్నాభిప్రాయం తెలిపిన ఇద్దరు న్యాయమూర్తుల వాదం. ఐదవ పేరా ఇచ్చిన వెసులుబాటును అందరు స్పీకర్లూ వాడుకుని ఉంటే ఆ వాదానికి బలం కొంత తగ్గి ఉండేది.

అమలాపురం నుంచి వెళ్లిన జి.ఎం.సి.బాలయోగి 1998లో స్పీకరయ్యే నాటికి తెలుగుదేశానికి లోక్‌సభలో ఉన్నది 12 మంది. తన పార్టీ బలంతో ఆ పీఠం ఎక్కడం ఆయనకు అసాధ్యం. 1999 ఏప్రిల్‌లో వాజపేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయిన రోజున, అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయిన గిరిధర్ గమాంగ్ ఓటు వేయవచ్చా అన్న వివాదాన్ని ఆయన సభ్యుని అంతరాత్మకే వదిలారు. ఆ ఓటు పడింది, ప్రభుత్వం పోయింది. అదే ఏడాది అక్టోబరులో కొత్త సభ ఆయననే ఏకగ్రీవంగా తిరిగి ఎన్నుకుంది. తన పార్టీ మద్దతిస్తున్న ప్రభుత్వాన్ని కాపాడని స్పీకరును, అదే ప్రభుత్వ పక్షం మళ్లీ ప్రతిపాదించింది.

తెన్నేటి విశ్వనాథం స్పీకర్ పీఠం ఎక్కనేలేదు. 1979లో మరణించేనాటికి ఆయన వదిలివెళ్లిన రచనల్లో ప్రకాశం జీవితకథకు రాసిన చివరి భాగం ముఖ్యమైనది. 1953–54 మంత్రివర్గం కథ అందులోనే వస్తుంది. తాను సభ్యుడిగా ఉన్న ప్రభుత్వం గురించి, తన నాయకుడి పేరిట వెలువడే పుస్తకంలో, తరువాతి కాలంలో తన ప్రత్యర్థి అయిన సహచరుడిని కూడా పాత్రగా చేసుకుని రాయవలసి వచ్చిన రచయిత ఆయన.